లొటారానికి ఒక సమర్థన

మన పెద్దలు చెప్పిన సామెతల్లో ఒక్కటి మాత్రం తొందరపాటున చెప్పారని నా అభిప్రాయం. 'పైన పటారం, లోన లొటారం' అన్నవారు ఎవరో గాని, వారు మృదంగాన్ని గాని, వీణను గాని, కనీసం ఇంట్లోని ఖాళీ బిందెను గాని ఒక్కసారైనా వేలితో తట్టి చూసి ఉండరు. లోన లొటారం లేకపోతే పైనున్న పటారానికి నోరే పెగలదు. ఈ సత్యం నాకు నలభై ఏడో ఏట, అది కూడా 62,000 రూపాయలు చెల్లించిన తరువాత గాని బోధపడలేదు కనుక, పాఠకులకు అదే జ్ఞానాన్ని ఉచితంగా పంచడం పౌరుడిగా నా విధి అని భావిస్తున్నాను.

ఆ సొమ్ము ఒక ఎలక్ట్రిక్ గిటారుకు చెల్లించాను. కాలేజీ కుర్రవాళ్లు భుజాన వేలాడదీసుకునే ఎలక్ట్రిక్ గిటారు సాధారణంగా ఒక గట్టి చెక్క దిమ్మ. దాని కడుపులో దాచుకోవడానికి ఏమీ ఉండదు. నాది ఆ జాతి కాదు. ఇది ఆసాంతం డొల్ల. పొట్ట మీద వయొలిన్‌కు ఉన్నట్టే ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు రంధ్రాలు, తోక దగ్గర మోటారు సైకిల్ నుంచి ఊడబెరికినట్టున్న మెరుగు పిడి, అంచుల వెంట పాత పంచాంగం కాగితం రంగులో ఒక సన్నని పట్టీ ఉంటాయి. దీన్ని 'వింటేజ్ స్టైల్' అంటారు. వింటేజ్‌కూ వింటేజ్ స్టైల్‌కూ మధ్య ఉన్న దూరం, సంస్థానాధీశుడికీ, ఫొటోల కోసం తలపాగా అద్దెకు తెచ్చుకున్న పెళ్లికొడుక్కీ మధ్య ఉన్నంత దూరం. దీనికి అమెరికాలోనూ జపాన్‌లోనూ తయారయ్యే అన్నలు ఉన్నారు. వారి వెల లక్షల్లో ఉంటుంది కాబట్టి వారిని గోడ మీది క్యాలెండర్‌లోని దేవుళ్లలా దూరం నుంచే దర్శించుకోవాలి. నాబోటి వాడికి దక్కేది ఈ చవక తమ్ముడే. దీన్ని అందుబాటు ధర అంటారు. ఎవరి అందుబాటు అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు ఈ వ్యాసంలో చోటు చాలదు.

ఆ అంచు పట్టీ పసుపు రంగు గురించి కొంత చెప్పాలి. 1950ల నాటి గిటార్ల మీద నైట్రోసెల్యులోజ్ లక్క పూత ఉండేది. అది ఏళ్ల తరబడి వెలుతురుకూ, చెమటకూ, సిగరెట్ పొగకూ నిజాయితీగా పసుపెక్కి, సన్నగా పగిలి, తన వయసు తానే చెప్పుకునేది. నేటి చవక గిటార్ల మీద పాలిస్టరో, పాలీయురిథేనో పూస్తారు. అది మొండిది, అంత సులువుగా ముసలిది కాదు. కనుక ఫ్యాక్టరీలోనే రంగు కలిపి, పుట్టుకతోనే డెబ్బై ఏళ్ల ముసలితనాన్ని ప్రసాదిస్తున్నారు. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. మా తాతగారి వాల్వు రేడియో అసలైన డెబ్బై ఏళ్ల వస్తువు. దాన్ని 'ఇల్లంతా చెత్త' అనే కారణం మీద నేనే స్వయంగా ఆటోలో వేసుకుపోయి ఎర్రగడ్డ ఆదివారం సంతలో మూడు వందలకు వదిలించుకున్నాను. పాతది పోతే గాని పాతలాంటి కొత్తదానికి గదిలో చోటు దొరకదు. నా కొనుగోలు సంగతి విన్న మా బావగారు కూడా ఎర్రగడ్డ పేరే ఎత్తారు గాని, ఆయన ఉద్దేశించినది సంతను కాదు.

గిటారు ఇంటికి వచ్చిన వారంలోనే మా వంటింటి అరల పనికి కార్పెంటరు వచ్చాడు. హాల్లో స్టాండు మీద ఉన్నదాన్ని చూసి, చేయి తుడుచుకుని, పొట్ట మీద మధ్యవేలితో రెండుసార్లు తట్టాడు. తరువాత ఎఫ్ రంధ్రం అంచును దగ్గరగా చూశాడు. అక్కడ చెక్క పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఆ రహస్యం నాకు కొన్న మూడో రోజునే తెలిసినా, ఎవరికీ చెప్పలేదు.

"సార్, ఇది ప్లైవుడ్ గద?"

"ప్లైవుడ్ అనకూడదు, లామినేటెడ్ మేపుల్ అనాలి" అన్నాను.

"గదే సార్, ప్లైవుడ్. ఎంత వడ్డది?"

చెప్పాను. అతడు ముందు వైపు, వెనుక వైపు, పక్కలు కలిపి కంటితోనే కొలిచాడు. "నాలుగు అడుగులు గూడ లేదు. అడుగుకు పదిహేను వేల అయిదు వందలు! మెరీన్ ప్లై ఏస్తనంటే నూటయాభైకి మీరు ఒప్పుకోకపోతిరి."

ఈ దాడికి నా దగ్గర చారిత్రక సమాధానం ఉంది. 1949లో గిబ్సన్ కంపెనీ తెచ్చిన ఇఎస్-175 అనే గిటారు జాజ్ వాద్యకారుల ఇళ్లలో తులసికోటంత పవిత్రమైనది. అది కూడా పొరల చెక్కతో చేసినదే. పొరల చెక్క అచ్చమైన చెక్కంత చలాకీగా కంపించదు గనుక, యాంప్లిఫయర్ ఎదుట కొంత అదుపులో ఉంటుంది, వానాకాలం తేమకు వంకర పోదు. మోడల్ పేరులోని 175 ఏమిటంటే, తొలినాళ్లలో దాని వెల అన్ని డాలర్లే. ఇదంతా వివరంగా చెప్పాను. కార్పెంటరు మర్యాదగా చివరిదాకా విని, "అయితే వాళ్లు అప్పుడే మంచిగ అమ్మిన్రన్నట్టు" అని, తన పనిలోకి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మా వంటింట్లో మెరీన్ ప్లై ధర మీద నాకు మాట్లాడే హక్కు లేకుండా పోయింది.

అసలు కరెంటుతో పనిచేసే వస్తువుకు డొల్ల పొట్ట ఎందుకు అనే సందేహం ఎవరికైనా కలుగుతుంది. చరిత్ర కారణం చాలా సామాన్యమైనది. 1930ల నాటి అమెరికా నృత్యశాలల్లో బాకాలూ డ్రమ్ములూ కలిసి మోగుతుంటే గిటారు వాయించేవాడి వేళ్లు కదలడం తప్ప చప్పుడు వినబడేది కాదు. ఉన్న డొల్ల గిటారుకే అయస్కాంతమూ తీగచుట్టా కలిగిన పికప్‌ను తగిలించి, 1936లో గిబ్సన్ వారు ఇఎస్-150 పేరిట అమ్మారు. చార్లీ క్రిస్టియన్ అనే యువకుడు దానితో వాయించి గిటారుకు ముందు వరుసలో కుర్చీ సంపాదించిపెట్టాడు. తరువాత యాంప్లిఫయర్లు పెరిగాయి, చప్పుడు పెరిగింది, డొల్ల పొట్ట అరవడం మొదలుపెట్టింది. బుద్ధిమంతులు గట్టి చెక్కకు మారారు. రాజీ కోరినవారి కోసం 1958లో డొల్ల మధ్యలో నిలువునా చెక్క దిమ్మ అమర్చిన ఇఎస్-335 వచ్చింది. సమస్యకు ఇన్ని పరిష్కారాలు దొరికిన అరవై ఏళ్ల పైచిలుకు తరువాత, నేను పోయి అసలు సమస్యనే కొనుక్కున్నాను.

ఆ అరుపును ఫీడ్‌బ్యాక్ అంటారు. తీగ మోగితే పికప్ పట్టుకుంటుంది, యాంప్లిఫయర్ దాన్ని పెద్దది చేసి గదిలోకి వదులుతుంది, గదిలోని చప్పుడు వెళ్లి గిటారు పొట్టను ఊపుతుంది, పొట్ట మళ్లీ తీగను ఊపుతుంది. ఎవరూ ఏమీ అనకుండానే గొడవ పెరగడమన్నమాట. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవారికి ఇంతకు మించి వివరణ అక్కర్లేదు. దీనికి గొప్పవారు పడిన పాట్లు నాకు ఎంతో ఊరట. అమెరికా బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ అంతటివాడు తన గిటారు రంధ్రాల్లో గుడ్డలు కుక్కుకునేవాడు. చివరకు 1980లో గిబ్సన్ వారు ఆయన కోసం రంధ్రాలే లేని గిటారు చేసి, ఆయన గిటార్లకు పెట్టుకున్న ముద్దుపేరునే దానికీ పెట్టారు. గిటారు విద్వాంసుడు చెట్ అట్కిన్స్ పేరుతో గ్రెచ్ కంపెనీ 1950ల చివర చేసిన ఒక మోడల్ కథ ఇంకా గొప్పది. అరుపు తగ్గించడానికి పొట్టను మూసేశారు గాని, రంధ్రాలు లేకపోతే కొనేవారి మనసు ఒప్పదని, వాటి బొమ్మను పెయింటుతో వేశారు. లేని రంధ్రాన్ని ఉన్నట్టు చిత్రించడంలో మానవజాతి ఇంతకంటే ముందుకు పోగలదని నేను అనుకోను.

నా వంతుకు మా అమ్మ పాత నేత చీర దొరికింది. దాన్ని రెండు ముక్కలు చేసి రంధ్రాల్లో కూరాను. కూరేటప్పుడే అంతకుముందు లోపల పడిపోయిన, తీగలు మీటే మూడు పిక్‌లు, ఒక మాత్రల అట్ట బయటపడ్డాయి. మా మేనల్లుడు హుండీ అనుకుని భక్తితో వేసిన అయిదు రూపాయల బిళ్ల మాత్రం ఇప్పటికీ లోపలే ఉంది, ఫలానా స్వరం మీటితే తానున్నానని జవాబు చెబుతుంది. లోపలి వైరింగు పాడైతే ఇంకా విచిత్రం. వెనుక మూత ఉండదు గనుక వాల్యూమ్ బిరడాల దగ్గర నుంచి సాకెట్టు దాకా సమస్తాన్నీ దారం కట్టి ఎఫ్ రంధ్రంలోంచే బయటికి లాగి, అతికించి, మళ్లీ ఆ దారంతోనే యథాస్థానానికి చేర్చాలి. మరమ్మతు దుకాణంలో ఇద్దరు మగవాళ్లు రెండు గంటలు కుస్తీ పట్టి చేసిన ఆ పనిని చూసి మా ఆవిడ, పిన్నీసుతో లంగాకు బొందు ఎక్కించడం ఏ ఆడపిల్లకైనా వచ్చు కదా అన్నది. వారు రెండు వేలు తీసుకున్నారు.

ఇక హమ్మింగ్. నా గిటారు పికప్‌లు 1946 నాటి పి-90 తరహావి, ఒకే తీగచుట్ట కలవి. గోడలోని కరెంటును కూడా సంగీతంగా భావించి గానం చేస్తాయి. ఇక్కడ దేశభక్తులు గమనించవలసిన విషయం ఒకటుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్, అంటే సెకనుకు యాభై ఊపులు. పియానో మీది అట్టడుగు జి స్వరం 49 హెర్ట్‌జ్. అంటే హైదరాబాద్‌లో ప్లగ్గు పెట్టిన ప్రతివాడికీ, కాస్త హెచ్చుగానైనా, ఇంచుమించు జి శ్రుతి ఉచితంగా అందుతున్నది. అమెరికాలో 60 హెర్ట్‌జ్; అది రెండు స్వరాలకు సరిగ్గా నడుమ పడి, ఎటూ చెందకుండా పోతుంది. ఈ గిటారు జాతి పుట్టిన దేశం దానికి శ్రుతి సమకూర్చలేకపోయింది, మన కరెంటు స్తంభం సమకూర్చింది. ఆ స్తంభం నుంచి కరెంటే రానప్పుడు కూడా నష్టం లేదు, డొల్ల పొట్ట కాబట్టి తీగలు సొంత గొంతుతోనే పక్క గదికి వినిపిస్తాయి. లెక్క చూస్తే నేను ఈ ఎలక్ట్రిక్ గిటారును అధిక భాగం వాయించినది రాత్రి పదకొండు తరువాత, ప్లగ్గు పెట్టకుండానే.

తోక దగ్గరి పిడి పేరు బిగ్స్‌బీ. దీన్ని కనిపెట్టిన పాల్ బిగ్స్‌బీ నిజంగానే క్రాకర్ మోటారు సైకిళ్ల కంపెనీలో పనిచేసినవాడు, కనుక నా ఉపమానం ఊహ కాదు. దాన్ని మెల్లగా నొక్కితే స్వరం వణుకుతుంది. మన గమకానికి స్టీలు కడ్డీ బిగించినట్టు. తీగ తెగితే మాత్రం కొత్త తీగ కొసనున్న గుండును ఒక సన్నని మేకుకు తగిలించి, ఊడకుండా పట్టుకుని, రెండో చేత్తో బిరడా తిప్పి, మూడో చేత్తో తీగ లాగాలి. ఆ మూడో చేతి స్థానంలో నేను బట్టల క్లిప్పు వాడుతున్నాను.

అన్నిటికంటే తాత్త్వికమైన భాగం బ్రిడ్జి. తీగలన్నీ దాని మీదుగానే పోతాయి, కాని దాన్ని ఎక్కడా బిగించరు. తీగల ఒత్తిడి వల్లనే అది అక్కడ కూర్చుని ఉంటుంది. ఒకనాడు తుడుద్దామని ఆరు తీగలూ ఒకేసారి విప్పాను. బ్రిడ్జి జారి ఒళ్లో పడింది. తిరిగి ఎక్కడ పెట్టాలో తెలియక, పన్నెండో మెట్టు దగ్గర స్వరం సరిపోయేదాకా అటొక నూలు, ఇటొక నూలు జరుపుతూ ఒక ఆదివారం గడిపాను. అది చాలక, రెండో అంతస్తులోని వీణ టీచరుగారి తలుపు తట్టాను.

ఆవిడ త్యాగరాయ గానసభ మెట్లు నలభై ఏళ్లుగా ఎక్కి దిగుతున్న మనిషి. గిటారును ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, తీగ మీటి, చెవి ఒగ్గి విన్నారు.

"పెన్సిల్‌తో గీత గీసుకోలేదా నాయనా?"

"లేదండీ."

"మా వీణకు మెట్లు మైనంలో ఉంటాయి. ఎండలు ముదిరితే మైనం మెత్తబడుతుంది, ఇరవై నాలుగు మెట్లూ మళ్లీ మేళం కట్టించుకోవాలి. నీకు జారింది ఒకటే కదా, ఏడవకు." పొట్ట మీద తట్టి చూశారు. "పనస కాదు."

"కాదండీ, ప్లైవుడ్" అన్నాను. ఆవిడ ముందు అబద్ధం ఆడటానికి నోరు రాలేదు.

"పోనీలే, డొల్లగానే ఉందిగా, పలుకుతుంది" అన్నారు ఆవిడ. బ్రిడ్జిని ఒక్క పిసరు ఎడమకు జరిపారు. స్వరం కుదిరింది. వెంటనే పెన్సిల్‌తో గీత గీశాను.

ఇన్ని అర్హతలు సంపాదించిన తరువాత, గత వినాయక చవితికి మా అపార్ట్‌మెంట్ కమిటీ నా చేత ఒక కార్యక్రమం పెట్టించింది. ఆరు నెలలు సాధన చేసిన ఒక జాజ్ ముక్క వాయించాలని నా సంకల్పం. మండపంలో నన్ను డీజే వారి రెండు నిలువెత్తు బాక్సుల మధ్య, విగ్రహానికి సరిగ్గా ఎదురుగా కూర్చోబెట్టారు. డీజే కుర్రవాడు నా వైరును తన మిక్సర్‌కు తగిలించి, గౌరవ సూచకంగా వాల్యూమ్ పూర్తిగా పెంచాడు. నేను ఇంకా తీగ ముట్టనే లేదు. చీర ముక్కలు ఉన్నా సరే, గిటారు కడుపులోంచి సన్నగా మొదలై, లావెక్కి, మండపమంతా నిండి, వీధి మలుపు దాకా వినిపించే ఒక 'ఊఁ...' బయలుదేరింది. అయిదు రూపాయల బిళ్ల అందులో తాళం వేసింది. జనం లేచి నిలబడ్డారు. కొందరు చేతులు జోడించారు. పూజారిగారు ఆ అదనులో హారతి వెలిగించారు. ఆ తరువాత నేను వాయించిన జాజ్ ముక్క పులిహోర పంచుతున్న హడావిడిలో ఎటు పోయిందో నాకూ తెలియదు.

మరునాడు కమిటీ ప్రెసిడెంటు మెట్ల దగ్గర ఆపాడు. "అన్నా, మొదట్ల శంఖం ఊదినట్టు ఒకటి కొట్టినవ్ చూడు, సూపర్ ఉండె. తర్వాత కొట్టినయ్ గంత సమజ్ కాలే. వచ్చే ఏడు నవరాత్రులు మొత్తం పొద్దుమాపు హారతికి అదొక్కటి కొడితే సాలు."

ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆ సాయంత్రమే రంధ్రాల్లోంచి చీర ముక్కలు రెండూ తీసి, ఉతికి, ఆరవేశాను.