నలభై దాటితే బంతి ముట్టుకోకూడదా?

పోయిన వారం మా బావమరిది వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ పంపి, కింద "ఇంక చాలించు బావా" అని రాశాడు. అందులో ఉన్నది ఇదీ: నలభై దాటిన మగవాళ్లు ఫుట్‌బాల్ ఆడితే గుండె ఆగిపోతుంది, పది కిలోమీటర్లు పరుగెత్తే సత్తా ఆ వయసులో ఉండదు, మోకాళ్లు అరిగిపోతాయి, రోజూ అరగంట నడిచినా అంతే లాభం. అనంతపురంలో మాతో ఆడే ఇద్దరు అది చదివి అప్పుడే బూట్లు అటకెక్కించారు. అందుకే ఈ జవాబు.

గుండె సంగతికి ఫార్వర్డ్‌లో వాడింది క్రిస్టియన్ ఎరిక్సన్ ఫొటో. 2021 యూరో కప్పులో మైదానంలోనే కుప్పకూలిన డెన్మార్క్ ఆటగాడు. అప్పుడు అతని వయసు 29, నలభై కాదు. అక్కడికక్కడే సీపీఆర్ చేసి, అంటే ఛాతీని పదేపదే నొక్కి, కరెంటు షాక్ ఇచ్చి బతికించారు. మరుసటి ఏడాది ఛాతీలో చిన్న పరికరంతో మళ్లీ ఆడాడు. ఆ ఫొటో చూసి నేర్చుకోవాల్సింది సీపీఆర్. మా జట్టులో అది వచ్చినవాళ్లు ఎంతమందో అడక్కండి.

అయితే ఇందులో కొంత నిజం ఉంది. ముప్పై అయిదు దాటినవాళ్లలో ఇలాంటి ప్రమాదానికి ఎక్కువగా కారణం రక్తనాళాల్లో పూడికలే. ఏళ్ల తరబడి కుర్చీ దిగనివాడు ఒక్కసారిగా ఆయాసపడేలా పరుగెత్తితే ఆ కాసేపు ముప్పు పెరుగుతుంది. క్రమం తప్పకుండా ఆడేవాడికి అదే ముప్పు తగ్గుతూ వస్తుంది. బీపీ, షుగర్, సిగరెట్ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను కలవాలి. ఆటలో ఛాతీ బరువెక్కితే "గ్యాస్‌లే" అనుకోకుండా ఆట ఆపి ఆసుపత్రికి పోవాలి.

పది కిలోమీటర్ల లెక్క ప్రొఫెషనల్ ఆటగాళ్లది. మనది అయిదుగురు అయిదుగురు, గోల్‌పోస్టులకు నాలుగు చెప్పులు. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ క్రుస్ట్రప్, యెన్స్ బాంగ్స్‌బో బృందం వ్యాయామం అలవాటు లేని మగవాళ్లతో ఇలాంటి చిన్న జట్ల ఆటే ఆడించింది. వారానికి రెండు మూడు రోజులు, గంట చొప్పున, సుమారు మూడు నెలలు. ఆడుతున్నంతసేపూ గుండె వేగం సగటున గరిష్ఠంలో 80 శాతం పైనే. అంటే తేలికైన ఆటేం కాదు. అయినా జాగింగ్ చేసినవాళ్ల కంటే వీళ్లకు శ్రమ తక్కువ అనిపించింది. బంతి మీద ధ్యాస ఉన్నవాడికి ఆయాసం ఎక్కడ గుర్తొస్తుంది! కొవ్వు తగ్గింది, దమ్ము పెరిగింది. బీపీ ఉన్నవాళ్లతో చేసిన అధ్యయనాల్లో పై అంకె సుమారు పది తగ్గింది.

నడక మంచిదే, నేనూ నడుస్తాను. కానీ అందులో ఆగడం, తిరగడం, ఎగరడం ఉండవు. ఎముకలకు, తొడ కండరాలకు బలమిచ్చేవి అవే.

మోకాళ్లను దెబ్బతీసేది పరుగు కన్నా గాయం. మోకాలి ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్ తెగినవాడికి తర్వాత కీళ్ల అరుగుదల వచ్చే అవకాశం ఎక్కువ. ఫిఫా 11+ అనే ఇరవై నిమిషాల వార్మప్‌ను క్రమంగా చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. మనమేమో రెండుసార్లు నడుము తిప్పి, ఇరవై ఏళ్ల కుర్రాడితో పంతానికి పోతాం. తొడ కండ పట్టేసేది అక్కడే.

ఆ ఫార్వర్డ్ రాసినవాడు మా ఊరి అసలు శత్రువును మాత్రం మర్చిపోయాడు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అందుకే అప్పుడు మేం పొద్దున్నే అయిదున్నరకే మొదలుపెట్టి, ఏడు లోపల చెప్పులు ఏరుకుని ఇంటికి పోతాం.