వరద అందరిదీ, జాబితా కొందరిదీ

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ లోపలి వీధుల్లో 2024 సెప్టెంబరు వరద ఎంత ఎత్తున నిలిచిందో కొన్ని గోడలు ఇంకా చెబుతూనే ఉన్నాయి. రంగులు వేయించుకోగలిగినవారు వేయించుకున్నారు. ఆ స్తోమత లేని ఇళ్లకు ఛాతీ ఎత్తున మట్టిరంగు చార అలాగే మిగిలింది. నీళ్లు మొదట ఏ సందులోంచి వచ్చాయో, ఏ మురుగు కాలువ ఎదురు తన్నిందో, ఏ మలుపు దగ్గర నడుం లోతు కాస్తా పీకల్లోతయిందో ఆ వీధిలో ఎవరిని కదిపినా చెబుతారు. ఇదంతా అడిగి రాసుకునేవారే వారికి అరుదుగా తారసపడతారు.

వాతావరణ మార్పు మీద మన దగ్గర జరిగే సదస్సుల్లో ‘స్థానికుల గొంతు’ అనే మాటకు లోటు లేదు. అయితే ఆ గొంతును బాధ చెప్పుకోవడానికి పిలుస్తారు తప్ప లెక్క తేల్చడానికి పిలవరు. విజయవాడ, గుంటూరు ప్రాంతంలో వాతావరణ న్యాయం, అంటే మారుతున్న వాతావరణం వల్ల నష్టపోయినవారికే సాయం దక్కడం అనేది, చివరికి రికార్డుల ప్రశ్నగానే తేలుతుందని నా అభిప్రాయం. పరిహారం, పంటల బీమా, రుణం, పునరావాసం అన్నీ కాగితం మీది పేరును పట్టుకునే నడుస్తాయి. వరదకు, ఎండకు, తెగులుకు మాత్రం ఆ కాగితంతో పనిలేదు.

బుడమేరు సంగతే చూద్దాం. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే ఈ వాగును వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర అడ్డుకుని, మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలోకి వదిలే ఏర్పాటు ఉంది. 2024 వరద నాటికి ఆ కాలువ సామర్థ్యం సుమారు 15 వేల క్యూసెక్కులు. ఈ ఏర్పాటులోని చిక్కు చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది: కృష్ణ నిండుగా పారుతున్నప్పుడు కాలువ నీటిని నది తీసుకోదు. 2024 సెప్టెంబరు మొదట్లో జరిగింది అదే. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బ్యారేజీ చరిత్రలో అంత నీరు ఎన్నడూ రాలేదు. అటు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. వాగు పాత దారినే పట్టి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేటల మీదికి వచ్చింది.

నీళ్లు తగ్గక ముందే ‘ఆక్రమణలు’ అనే మాట మొదలైంది. అందులో నిజం లేదనను. వాగు గట్ల మీద కట్టడాలు వచ్చాయి, వాగు సన్నబడింది. కానీ ఆ మాట ఎవరి మీద వాలుతుందో గమనించాలి. అక్కడి వాంబే కాలనీ పేదలకు ప్రభుత్వమే కట్టించి ఇచ్చిన కాలనీ. ఊరి నడిబొడ్డున అద్దెలు భరించలేనివారికి పల్లపు నేలను చూపించింది ఒక చేయి, పల్లంలో ఇల్లెందుకు కట్టుకున్నారని నిలదీస్తున్నది మరో చేయి. రెండు చేతులూ ఒకే ఒంటివి. నీటిని పీల్చుకోవలసిన పొలాలను లేఅవుట్లుగా మార్చడానికి ఎవరు అనుమతులిచ్చారన్న ప్రశ్న చర్చలోకి రానేలేదు.

అదే నగరంలో కృష్ణలంక కథ వేరుగా నడిచింది. వరద వచ్చిన ప్రతిసారీ పిల్లాపాపలతో, మూటాముల్లెతో పునరావాస కేంద్రాలకు వెళ్లి తిరిగివచ్చిన అక్కడి జనం ఏళ్ల తరబడి రక్షణ గోడ కావాలని అడిగారు. గోడ దశలవారీగా లేచింది. (ఎవరి హయాంలో ఎంత కట్టారన్నది పార్టీల తగవు, దాన్ని వారికే వదిలేద్దాం.) 11 లక్షల క్యూసెక్కులకు పైగా పారిన రోజున ఆ గోడ చాలావరకు పని చేసింది. నగరానికి ఒక పక్క గోడ, మరో పక్క గండి. కృష్ణలంకవారు ఒకే ప్రాంతంలో గుమిగూడి తరాలుగా ఉంటున్నారు, ఓట్లూ అక్కడే ఉన్నాయి. సింగ్‌నగర్ వైపు అద్దెకు ఉండేవారిలో చాలామందికి ఓటు ఒక ఊళ్లో, రేషన్ కార్డు ఒక ఊళ్లో, బతుకు ఇక్కడ. అలాంటి చోట ఒకే గొంతుతో అడిగే బలం కూడటం కష్టం.

వరద సాయం పంపిణీలో ఇది స్పష్టంగా బయటపడింది. నగరంలో మునిగిన కింది అంతస్తు ఇళ్లకు 25 వేల రూపాయలు, పై అంతస్తుల వారికి 10 వేలు ప్రకటించారు. గత అనుభవాలతో పోలిస్తే ఇది మెరుగైన సాయమే, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా గణనకు వచ్చిన రోజున ఇంటికి తాళం వేసి సొంతూరికి వెళ్లినవారు, ఒకే డోర్ నంబరు కింద రెండు పోర్షన్లలో ఉంటున్న కుటుంబాలు, ఆధార్‌లో వేరే చిరునామా ఉన్నవారు సచివాలయాల చుట్టూ తిరగవలసి వచ్చింది. నాకు తెలిసిన ఇస్త్రీ బండి అతని సంగతి ఇంకా చిత్రమైనది. బండి పోయింది, పెట్టె తుప్పు పట్టింది. వాటికి సాయం ఫారంలో ఏదో ఒక గడి దొరుకుతుంది. కానీ వరద ముంచుకొచ్చిన ఆ రాత్రి అతని గదిలో నలభై ఇళ్ల బట్టలున్నాయి. బురదలో నానిన పట్టుచీరలకు, తెల్ల చొక్కాలకు అతను నెలనెలా కొంచెం కొంచెంగా జవాబు చెప్పుకున్నాడు. పరాయివాళ్ల వస్తువుల పూచీ మీద బతికేవాడి నష్టాన్ని ఏ గడిలో రాయాలో ఆ ఫారం తయారు చేసినవారికి తోచలేదు. తోచకపోవడం వారి తప్పు కాదేమో కానీ, అతన్ని ముందే అడిగి ఉంటే తోచేది.

కృష్ణ దాటి గుంటూరు వైపు వెళితే ఇదే సమస్య పొలంలో ఎదురవుతుంది. 2021–22లో అకాల వర్షాలకు నల్ల తామర పురుగు తోడై మిర్చిని ఊడ్చిపెట్టినప్పుడు పూత మీదే తోటలు పోయాయి. పీకేసినవారు పీకేశారు, మందుల మీద మందులు కొట్టినవారు అప్పులపాలయ్యారు. వారిలో పెద్ద భాగం కౌలు రైతులు. కౌలు చాలాచోట్ల ముందే కట్టాలి. పంట పోయినా కౌలు తిరిగిరాదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు పత్రం రావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతారేమోనన్న భయం యజమానిది, అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వరేమోనన్న భయం కౌలుదారుది. ఇద్దరి భయాల మధ్య నష్టపరిహారం పంట వేసినవాడికి కాక పాస్ పుస్తకం ఉన్నవాడికి చేరిపోతుంది.

మన ప్రాంతం గర్వంగా చెప్పుకునే వాతావరణ కార్యక్రమానికి కూడా ఈ చిక్కు అంటుకుని ఉంది. గుంటూరు కేంద్రంగా రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయానికి 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. మహిళా సంఘాల చేతుల మీదుగా సాగడమే దాని అసలు బలం. ఘన జీవామృతం (పేడ, గోమూత్రాలతో చేసే ఎరువు) కలపడం, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఎండకు వదలకుండా కప్పడం పక్కింటి అక్క చేసి చూపిస్తే ఎక్కినంతగా అధికారి ఉపన్యాసం ఎక్కదు. అయితే నేల గుల్లబారి, తేమ నిలిచి ఫలితం చూపడానికి కొన్నేళ్లు పడుతుంది. ఏడాదికోసారి కౌలు మాట్లాడుకునే రైతు ఆ కష్టం ఎందుకు పడాలి? నేల బాగుపడితే వచ్చే ఏడు కౌలు పెరుగుతుంది, లేదా పొలం చేయి మారుతుంది. కాబట్టి ప్రకృతి వ్యవసాయాన్ని విస్తరించాలనుకునేవారు కషాయాల శిక్షణతో పాటు కౌలు గడువు గురించి కూడా మాట్లాడక తప్పదు. అది మాట్లాడితే ఊళ్లో పెద్దలకు ఇబ్బంది.

ఎండ విషయంలో మన ప్రణాళికలు మరీ పలచన. బెజవాడను ‘బ్లేజ్‌వాడ’ అని చమత్కరించడం పాత అలవాటే. ఒక్క 2015 వేసవిలోనే రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయిన తర్వాత ఆ చమత్కారం రుచించదు. ఏటా చలివేంద్రాలు పెడతారు, మధ్యాహ్నం బయటికి రావద్దని హెచ్చరిస్తారు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) మోసే హమాలీకి, షెడ్లలో మిర్చి ఘాటు పీలుస్తూ తొడిమలు తీసే ఆడవాళ్లకు, మార్చిలో మిరప కోతకు వచ్చిన కూలీలకు ఆ హెచ్చరిక కూలి వదులుకోమన్న సలహాలా వినిపిస్తుంది. అహ్మదాబాద్ 2013లోనే వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. గుజరాత్‌లోనే అసంఘటిత మహిళల సంస్థ ‘సేవా’, ఉష్ణోగ్రత ఒక హద్దు దాటితే సభ్యుల ఖాతాలో నేరుగా కొంత డబ్బు పడే బీమాను నడిపి చూపించింది. ఆ మొత్తం చిన్నదే. అయినా పోయిన కూలిని నష్టంగా గుర్తించడం అక్కడ మొదలైంది, ఇక్కడ ఇంకా కాలేదు.

అడగడానికి చట్టంలో చోటు లేక కాదు. 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. ఇలాంటి వేదికల మీద సమావేశాన్ని పనిరోజున పదకొండు గంటలకు పెడితే వచ్చేది పనికి వెళ్లనక్కరలేనివారే. మినిట్స్‌లో ‘ప్రజలు హర్షం వ్యక్తం చేశారు’ అని రాసుకుని లేచిపోవచ్చు. రాత్రి ఏడున్నరకు, సింగ్‌నగర్‌లోనే, ఓటరు కార్డు అడగకుండా పెడితే ఇస్త్రీ అతను వస్తాడు. ఆ రాత్రి అడగవలసిన మొదటి ప్రశ్న కూడా పెద్దదేం కాదు: బుడమేరు పొంగిందన్న కబురు మీకు ఎప్పుడు అందింది, నీళ్లు మీ గడప ఎక్కడానికి ఆ తర్వాత ఎంత సేపు పట్టింది? జవాబు వీధికో తీరుగా వస్తుంది. కొందరు గంటల్లో చెబుతారు, కొందరు కబురే రాలేదంటారు. వచ్చే వానాకాలానికి ఏ వీధిని ముందు లేపాలో ఆ జవాబుల్లోనే ఉంటుంది. అద్దెకున్నవాళ్లు చెప్పినదీ, ఇంటివాళ్లు చెప్పినదీ పక్కపక్కనే రాసుకోవాలి.