తరుగు గారికి, ఆ 0.540 గ్రాముల గురించి

మహారాజశ్రీ తరుగు గారి దివ్యసముఖమునకు,

నమస్కారాలండీ. నగ చేసేటప్పుడు పోయిందని చెప్పి బిల్లులో వేసే బంగారం తమరే కదా, మొన్న శనివారం నగల షాపులో తమరి దర్శనం అయ్యింది. పదకొండున్నరకి షాపులో అడుగుపెడితే నాలుగుంబావుకి బయటపడ్డా. మధ్యలో రెండు గ్లాసుల మజ్జిగ, ఒక బాదం పాలు, ఓ పదిసార్లు "రెండే నిమిషాలు మేడం". వచ్చేటప్పుడు చేతిలో చిన్న పర్సు కూడా పెట్టారు, ఇంటికొచ్చి చూస్తే దాని జిప్పు పడట్లేదు.

ముందు తమరి నిజాయితీకి ఒక దండం. మా ఇళ్ళల్లో బియ్యం అయిపోతే అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం. దీపం ఆరితే కొండెక్కింది అంటాం. అన్నిటికీ ఏదో ఒక మంచి మాట వెతుక్కునే జాతిలో పుట్టి కూడా మీరు మాత్రం తరుగు అనే అసలు పేరుతోనే బిల్లు మీద కూర్చుంటారు. ఈమధ్య కొన్ని షాపుల్లో మీకు వీఏ అని కొత్త పేరు పెట్టారు, వాల్యూ అడిషన్ అంట, అంటే తీసేసుకున్నదాన్ని కలిపాం అని చెప్పడం. మేం వెళ్ళిన షాపులో ఇంకా అంత చదువుకోలేదు లెండి, అక్కడ మీరు తరుగే.

సంగతేంటంటే మా అన్న కూతురి పెళ్ళి, మేనత్తని, జుంకాలు పెట్టాలి. పెట్టకపోతే మా వదిన ఏమీ అనదు, అదే భయం. అందుకని పోయినేడే బుద్ధిగా ఆ షాపులో నెలకి ఐదు వేల చొప్పున పదకొండు నెలలు కట్టే బంగారం స్కీమ్‌లో చేరా. ఆ ఐదు వేలు ఎలా వచ్చాయో మీకు తెలీదు కాబట్టి చెప్తున్నా. పనమ్మాయిని మాన్పించా, అంట్లు నేనే. ఆటో మానేసి ఫ్రీ బస్సెక్కా, ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని కూకట్‌పల్లి నుంచి కోఠీ దాకా నిలబడి వెళ్ళా. మా ఆయన టీ బయట తాగడం మానేశారు (అని ఆయన అంటారు). పాలు అర లీటరు తగ్గించా, ఆ అర లీటరు గురించి మా అబ్బాయి ఇప్పటికీ మొహం మాడ్చుకునే ఉన్నాడు.

పదకొండే నెలలు ఎందుకు, సంవత్సరం అంటే పన్నెండు కదా అని చేరిన రోజు అడిగా. "మీ మంచికే మేడం" అన్నాడు. తర్వాత తెలిసింది, వస్తువు ఇస్తామని తీసుకున్న అడ్వాన్సు 365 రోజుల్లోపు వస్తువుగా మారకపోతే డిపాజిట్ కింద లెక్కేస్తారని 2014 నాటి కంపెనీల డిపాజిట్ రూల్స్ చెప్తున్నాయంట, అప్పుడు బోలెడు తలనొప్పి, అందుకని పదకొండులో తేల్చేస్తారు. మంచి ఎవరిదో మీకే తెలుసు.

ఇంకో తప్పు కూడా చేశా, అది నాదే. డబ్బుగా జమ చేయాలా గ్రాములుగా జమ చేయాలా అని ఆ అమ్మాయి అడిగితే డబ్బే అన్నా. డబ్బంటే లెక్క తెలుస్తుంది కదా అని. మొదటి కంతు కట్టిన రోజు 22 క్యారెట్ గ్రాము ఏడు వేల నూట చిల్లర. 2025 ఏప్రిల్‌లో 24 క్యారెట్ తులం లక్ష దాటిందని టీవీలో చూస్తూ కూడా నేను నెలనెలా ఐదు వేలు కట్టి రసీదులు గుండుసూదితో గుచ్చి దాచుకుంటున్నా. ఆఖరికి శనివారం బోర్డు మీద 22 క్యారెట్ గ్రాము 11,500. అన్నట్టు తులం అంటే మా అమ్మమ్మ కాలంలో 11.66 గ్రాములు, ఇప్పుడు పది అంటే సరిపోతుంది. తులం కూడా మీ బాధితురాలేనన్నమాట.

సరే అదంతా మార్కెట్టు, మీ తప్పు కాదు. మీ సంగతికొద్దాం. షాపు ముందు మూడంతస్తుల ఫ్లెక్సీ మీద "తరుగు లేదు! మజూరీ లేదు!" అని నా తలకాయంత అక్షరాలు ఉన్నాయి. లేదు అనే మాట పక్కన, షరతులు ఉన్నాయని చెప్పే చిన్న నక్షత్రం గుర్తు ఉంది. పెళ్ళిలో పంతులు గారు పట్టపగలు ఆకాశంలోకి వేలు చూపించి అరుంధతి కనపడిందా అంటే ఎవరైనా లేదంటారా, కనపడింది అంటారు, నేనూ అన్నా. ఈ నక్షత్రం కూడా అదే బాపతు. పదకొండు నెలలు అయ్యాక, జుంకాలు నచ్చి, అద్దంలో పెట్టుకుని చూసుకుని, ఫోటో తీసి వదినకి పంపించి, వదిన చాలా బాగున్నాయి అని మూడు బొమ్మలు పెట్టాక, అప్పుడు కుర్రాడు క్యాలిక్యులేటర్ తీశాడు. తరుగు లేనిది 12 శాతం దాకానే అంట. జుంకాలు వర్క్ ఐటమ్ కాబట్టి వాటికి 21 శాతం అంట. మరి 12 లోపు ఏమున్నాయి బాబూ అంటే ఒక ట్రే తెచ్చాడు, అందులో ఉన్నవి చూస్తే చిన్నప్పుడు చెవులు కుట్టించినప్పుడు పెట్టే దుద్దులు.

లెక్క ఇదీ. జుంకాలు ఆరు గ్రాములు, 69,000. మీరు 21 శాతం, అంటే 1.260 గ్రాములు. అందులో స్కీమ్ దయ 12 శాతం పోగా నా నెత్తిన 0.540 గ్రాములు, 6,210 రూపాయలు. ఆ మొత్తం మీద మూడు శాతం జీఎస్టీ 2,256. అంటే లేని బంగారం మీద కూడా నేను పన్ను కట్టా, మీరు నా జుంకాల్లో లేరు, నా చెవికి బరువు లేరు, కానీ గవర్నమెంటు వారి దృష్టిలో మీరూ ఒక ఆభరణమే. అంతా కలిపి 77,466, స్కీమ్ 55 వేలు పోగా ఇంకా 22,466 కట్టాలి. హాల్‌మార్కు మీద నాకేం కోపం లేదు, కనీసం అది కళ్ళకి కనపడుతుంది, భూతద్దంలో చూపించారు కూడా.

చేతిలో అంత లేదు. అత్తగారు ఇచ్చిన పాత ఉంగరం పర్సులో వేసుకొచ్చా, ఎందుకైనా మంచిదని. ఇక్కడ మీరు రెండో అవతారం ఎత్తారు.

ఉంగరం తూకం 2.150. కుర్రాడు పట్టకారుతో ఎర్ర రాయి పీకాడు. రాయి కింద లక్క ఉంది, అదీ గీకాడు. సరే, రాయీ లక్కా బంగారం కాదు, ఒప్పుకుంటా. తర్వాత ఆకురాయి తీసుకుని ఉంగరం నాలుగు పక్కలా గర్‌గర్‌మని అరగదీశాడు, లోపల ఏముందో చూడాలంట. కింద తెల్ల పళ్ళెం ఉంది, దాంట్లో పసుప్పచ్చటి పొడి రాలింది, ట్యూబులైటు కింద మిలమిలలాడుతూ. నేను దాన్నే చూస్తున్నా. ఉంగరం మళ్ళీ తూకం వేశాడు, 1.640. తర్వాత చిన్న బ్రష్షుతో పళ్ళెంలో పొడి ఒక మూలకి ఊడ్చి, కాగితం ముక్క మీదకి ఎత్తి, ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నాడు.

బాబూ, ఆ పొడి?

"అది తరుగు మేడం."

నాది కదా?

వాడు నవ్వాడు. పాపం చిన్నవాడు, మా అబ్బాయికంటే రెండేళ్ళు పెద్ద ఉంటాడేమో. "కరిగిస్తే పోయేదే కదా మేడం" అంటూ మళ్ళీ కరిగింపు తరుగు అని ఇంకో మూడు శాతం కొట్టి 1.590 గ్రాములు, 18,285 అని రాశాడు. మిగిలిన 4,181 ఫోన్‌పే చేశా. కౌంటర్ మీది డబ్బాలోంచి ఆడగొంతు ఆ మొత్తం చదివి షాపంతా వినిపించింది.

చూడు తరుగూ, ఇప్పటిదాకా గారూ గీరూ అన్నా, ఇంక నావల్ల కాదు. నేను కొంటే పోయిందేదో నా ఖాతాలో. నేను అమ్మితే పోయిందేదో అదీ నా ఖాతాలోనే. పోయింది అంటావు, మరి సొరుగులోకి వెళ్ళిందేంటి? కంసాలి కొట్ల ముందు దుమ్ము ఊడ్చుకుపోయి, ఆ మట్టి కడిగి, రేణువులు ఏరుకుని బతికేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకి దొరికేది నీకు దొరకదా? ఈ జుంకాలు కంప్యూటర్లో బొమ్మ గీసి మూసలో పోసినవని నీ సేల్స్‌మ్యానే గొప్పగా చెప్పాడు, వందల జతలు ఒకేలా వస్తాయంట. మూసలో పోసిన దాంట్లో ఆరు గ్రాములకి గ్రాముంబావు ఎక్కడ తరిగిందిరా నాయనా?

మా ఊళ్ళో ఆచారి గారు ఉండేవాడు. అమ్మ ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుని రెప్ప వెయ్యకుండా చూసేది, నన్ను కూడా చూడమనేది, ఒకరు నీళ్ళు తాగడానికి లేస్తే ఇంకొకరు చూడాలి. ఆయన గొట్టం పెట్టి ఊదుతుంటే కుంపట్లో మంట నీలంగా లేచేది. గురివింద గింజలు వేసి తూచేవాడు. గింజలో సగం తగ్గితే ఊరంతా పది రోజులు చెప్పుకునేవాళ్ళు, తల్లి నగలోనైనా తీస్తాడని ఆడిపోసుకునేవాళ్ళు. పాపం ఆయన చనిపోయే నాటికి ఇంటికి పెంకులు కూడా సరిగ్గా లేవు. ఇప్పుడు గ్రాముంబావు బిల్లులో అచ్చు వేసి ఇస్తే, సంతకం పెట్టి, బాదం పాలు తాగి, థాంక్స్ చెప్పి వచ్చా నేను.

ఆ రాత్రే అన్న ఫోన్ చేశాడు. నీ అన్నదమ్ములు అక్కడ కూడా ఉన్నారులే. వడ్లు ఐకేపీ సెంటర్లో, అదే ప్రభుత్వం వడ్లు కొనే చోట, పోసి పది రోజులు, మ్యాచర్ (తేమ) 17 శాతానికి వచ్చేదాకా రోజూ ఎండబెట్టడం, సాయంత్రం మబ్బు పడితే పట్టాలు కప్పడం. అన్నీ అయ్యాక మిల్లు దగ్గర తాలు ఉందని నలభై కిలోల బస్తాకి రెండు కిలోలు కోత. అదీ తరుగే. ఐదెకరాల్లో మూడొందల బస్తాలు, ఆరు క్వింటాళ్ళు పోయినట్టు. 2025-26 ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకి 2,389 వేసుకున్నా 14,334. నేను ఫోన్ పట్టుకునే పక్కన బిల్లు తీసి చూశా. జుంకాలకి నువ్వు వేసిన పూర్తి తరుగు 14,490. మా అన్న ఆరు క్వింటాళ్ళ వడ్లు తెచ్చి నీ కౌంటర్ మీద పోసినా వాడి బిడ్డ జుంకాల తరుగుకి సరిపోవు. ఈ మాట వాడికి చెప్పలేదు.

కొనేవాడు మిల్లరైతే తరుగు అమ్మేవాడిది. అమ్మేవాడు షాపువాడైతే తరుగు కొనేవాడిది. ఒక్కసారి, పొరపాటున, ఒక్కసారైనా త్రాసులో ఆ పక్కకి వెళ్ళి కూర్చోవచ్చు కదా నువ్వు?

ఇంక చిన్నా చితకా సంగతులు. అదే ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ గాలితో ఉబ్బి ఉంటుంది, విప్పితే బిస్కెట్లు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి. 2025 సెప్టెంబర్ 22న బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కి దిగింది అన్నారు, నేనేమో పొద్దున్నే కిరాణా కొట్టుకెళ్ళి ఆశగా అడిగా, "పాత స్టాకమ్మా" అన్నాడు. నూనె ప్యాకెట్ లీటరే అనుకుని తెచ్చా, మా అబ్బాయి వెనక చిన్నక్షరాలు చదివి కాదు అన్నాడు. వాడి చదువు అలా అక్కరకొచ్చింది.

నా మీద కూడా నువ్వు పనిచేస్తున్నావు, తెలుసులే. జీతం ఒకటో తారీకు పడి ఐదో తారీకుకి నీ రూపంలోకి మారిపోతుంది. ఈఎమ్ఐ, స్కూలు ఫీజు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, మామగారి మందులు. నెలాఖరున మా ఆయన "ఎక్కడికి పోయాయి?" అంటారు. నేను కూడా ఆ కుర్రాడిలా నవ్వి "తరుగు" అంటున్నా ఈమధ్య.

జుంకాలు మాత్రం బాగున్నాయి, అది ఒప్పుకోవాలి. రాత్రి అందరూ పడుకున్నాక ఒకసారి పెట్టుకుని చూసుకున్నా, మెడ పక్కన చిన్నగా తగులుతూ ఊగుతున్నాయి, తీసి ఇవ్వబుద్ధి కాలేదు.

అన్నట్టు ఇంకో మాట. బయటికొచ్చేముందు కొత్త స్కీమ్‌లో మొదటి కంతు కట్టేసి వచ్చా. ఈసారి గ్రాముల్లో.

ఇట్లు,
సొరుగులో మీ కాగితం పొట్లంలో ఉన్న ఆ పొడి తాలూకు అసలు ఓనరు