ఆ గంట నాది, దానికి లెక్క అడగొద్దు

నలభై అయిదు దాటిన ఆడమనిషి వీణ నేర్చుకుంటోందని తెలిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు అడిగే మొదటి మాట "ఇప్పుడెందుకమ్మా?" అని. రెండోది "కచేరీలేమైనా చేస్తావా?" అని. మూడోది ఈ మధ్య కొత్తగా మొదలైంది, "యూట్యూబ్ ఛానల్ పెట్టకూడదూ, నాలుగు డబ్బులొస్తాయి" అని. అందరూ ప్రేమగానే అడుగుతారు, కాదనను. కానీ ఈ మూడు ప్రశ్నల వెనకా ఉన్న నమ్మకం ఒకటే. ఆడదాని చేతిలో ఒక గంట ఉంటే అది ఎవరికో ఒకరికి పనికిరావాలి, పిల్లలకో, ఇంటికో, బడికో, చివరికి బ్యాంకు ఖాతాకో. ఎవరికీ పనికిరాకపోతే అది దండగ. ఈ నమ్మకం మీద నాకు చాలా కోపం ఉంది, చాలా రోజుల నుంచి ఉంది, ఆ కోపమే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపికుంటే చదవండి.

నడివయసంటే ఏమిటో అందులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక పక్క పిల్లల కోచింగ్‌లు, హాస్టల్ ఫీజులు, ఇంకో పక్క పెద్దవాళ్ళ బీపీ మాత్రలు, కంటి ఆపరేషన్లు, మధ్యలో ఇంటి లోను. నేను ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్తాను, పాఠం చెప్పడం నాకు ఇప్పటికీ ఇష్టమే, కానీ పాఠానికి ముందూ వెనకా ఫోన్లో నింపాల్సినవి, ఫొటో తీసి పెట్టాల్సినవి ఎక్కువైపోయి సాయంత్రానికి తల దిమ్మెక్కిపోతుంది. దీనికి తోడు ఒళ్ళు. మన దేశంలో ఆడవాళ్ళకి సగటున 46, 47 ఏళ్ళకే నెలసరి ఆగిపోతోంది, పాశ్చాత్య దేశాల్లో అది 51 దాకా వెళ్తుంది. ఆగడానికి ముందు కొన్నేళ్ళు ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కారణం లేకుండా కళ్ళమ్మట నీళ్ళు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి సీలింగ్ ఫ్యాన్ చూస్తూ పడుకున్న ఆడవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది ఉంటారో, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఎవరైనా నోరు తెరిచి చెప్తే "టెన్షన్ పెట్టుకోకు" అంటారు. పెట్టుకున్నది మనం కాదు కదా.

2019లో కేంద్ర ప్రభుత్వం జనం రోజంతా ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారని అప్పుడు తేలింది, మగవాళ్ళు 97 నిమిషాలు. నేను లెక్కల టీచర్ని కాబట్టి తీసేసి చూస్తాను. 202 నిమిషాల తేడా. మూడు గంటలకి పైనే. పైగా ఆ పని చేసేవాళ్ళని మాత్రమే కలిపితే వచ్చిన సగటు అది, అసలు చెయ్యి పెట్టని మగవాళ్ళు ఆ 97లోకే రారు. అందుకే ఎవరైనా "హాబీ పెట్టుకోండి మేడమ్, మనసుకి మంచిది" అని సలహా ఇస్తే నేను మొదట అడిగేది, ఆ గంట ఎక్కణ్ణుంచి వస్తుంది, మీ ఇంట్లో అంట్లు ఎవరు తోముతున్నారు అని. ఆకాశం నుంచి ఊడిపడదు. ఇంట్లో ఇంకొకరి చేతికి ఆ పని వెళ్తేనే వస్తుంది. మా ఇంట్లో సాయంత్రం వంటలో సగం మా ఆయన చేతికి వెళ్ళింది, అలా వెళ్ళడానికి కొన్నాళ్ళు పట్టింది, మాటలూ అనుకున్నాం, ఇప్పుడు ఆయన చేసే వంకాయ కూర నాకన్నా బావుంటుంది.

ఇక వీణ సంగతి. మాది విజయనగరం. ఇక్కడ సంగీతం కొత్త కాదు, 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేస్తారు, ఒకే పనస దుంగలోంచి కుండా (గుండ్రటి బోలు భాగం), దండీ (పొడుగాటి మెడ) కలిపి తొలిచే వీణని ఏకాండి వీణ అంటారు. అంత దగ్గరగా పెరిగి కూడా మా తరంలో చాలామందికి వీణ అంటే షోకేసులో పెట్టే బొమ్మే. రిటైరైన అధికారులకి శాలువాతో పాటు ఇస్తారే, ఆ బొబ్బిలి వీణ బొమ్మ.

అసలు వీణ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే తెలుస్తుంది అదేమిటో. ఏడు తీగలు. వాటిలో నాలుగు తీగలు మెట్ల మీదుగా, అంటే తీగని నొక్కే లోహపు పట్టీల మీదుగా వెళ్తాయి, మిగతా మూడు పక్కన తాళానికి. ఇరవై నాలుగు మెట్లు, నల్లటి మైనంలో నిలబెట్టి ఉంటాయి. పై స్వరాల వైపు వెళ్ళేకొద్దీ మెట్ల మధ్య ఎడం తగ్గుతూ వస్తుంది, పన్నెండో మెట్టు దగ్గర మోగే తీగ పొడవు సగమవుతుంది, అక్కడ పై షడ్జమం, అంటే పై స పలుకుతుంది. పిల్లలకి నిష్పత్తులు ఇన్నేళ్ళు బోర్డు మీద చెప్పాను. అదే సంగతి వేలి కింద తగిలినప్పుడు కలిగిన సంతోషం వేరు. మొదట నేర్పేది మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, అంటే స్వరాల తొలి పాఠాలు. ఖాళీ తీగ స, మొదటి మెట్టు రి, అక్కణ్ణుంచి రెండు మెట్లు వదిలేసి నాలుగో మెట్టు గ. ఎడమ చేతి చూపుడు వేలూ మధ్య వేలూ కలిపి తీగ నొక్కాలి. కొన్నాళ్ళు వేళ్ళు మండుతాయి, చివర తీగ కోసినట్టు గీత పడుతుంది, కొబ్బరి నూనె రాసుకోవాలి. తర్వాత అక్కడ చర్మం గట్టిపడుతుంది. బడిలో ఎడమ చేత్తో పుస్తకం పట్టుకున్నప్పుడల్లా ఆ గట్టిదనం తగిలి నాకు ధైర్యంగా ఉంటుంది.

గమకం, అంటే స్వరాన్ని కదిలించి పలికించడం, దాని దగ్గర అసలు విషయం ఉంది. గ మెట్టు మీద నొక్కి తీగని పక్కకి లాగితే అదే మెట్టు మీద మ పలుకుతుంది. ఎంత లాగాలో మెట్టు చెప్పదు, చెవి చెప్పాలి. వెంట్రుక వాసి తక్కువైతే స్వరం చప్పబడుతుంది, ఎక్కువైతే గీపెడుతుంది. ఆ లాగే క్షణంలో రేపు కట్టాల్సిన కరెంటు బిల్లు గుర్తొచ్చిందా, వేలు వెంటనే చెప్పేస్తుంది. మా టీచర్ గారు పక్క గదిలో ఉండి కూడా "అమ్మా, మనసు ఎటో పోయింది, మళ్ళీ" అంటారు. తిట్టరు. మళ్ళీ, అంతే. ఆ "మళ్ళీ" అనే మాటలో నాకు దొరికిన నెమ్మది నా జీవితంలో ఇంకెక్కడా దొరకలేదు, ఎందుకంటే మిగతా అన్నిచోట్లా మనసు ఎటో పోతే ఏదో ఒకటి మాడుతుంది, ఎవరో ఒకరు నొచ్చుకుంటారు.

మైండ్‌ఫుల్‌నెస్ అని, అంటే చేస్తున్నదాని మీదే ధ్యాస నిలపడం అని ఇప్పుడు అందరూ అంటున్నారు, యాప్‌లు ఉన్నాయి, నెలకింత కడితే ఊపిరి పీల్చు, వదులు అని చెవిలో చెప్తాయి. తప్పులేదు, దాంతో మేలు కలిగినవాళ్ళు ఉన్నారు. 1979లో అమెరికాలో జాన్ కబాట్ జిన్ అనే ఆయన మాసచూసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో దీన్ని రోగుల కోసం కొన్ని వారాల శిక్షణగా మలిచారు, తీరని నొప్పులతో బాధపడేవాళ్ళ కోసం. దాని మూలం బౌద్ధం, అది మనకి దూరపుది కాదు. మా ఊరికి దగ్గర్లోనే రామతీర్థంలో గురుభక్తుల కొండ మీద బౌద్ధ భిక్షువులు ఉన్న విహారాల గోడలు ఇప్పటికీ ఉన్నాయి. హైదరాబాద్‌లోనూ, నాగార్జునసాగర్ దగ్గరా విపశ్యన ధ్యానం నేర్పే కేంద్రాలున్నాయి, పది రోజుల కోర్సుకి రుసుము తీసుకోరు, ఇంతకుముందు చేసినవాళ్ళ విరాళాలతో నడుపుతారు. వెళ్ళగలిగితే తప్పకుండా వెళ్ళండి. కానీ పది రోజులు ఫోను లేకుండా, ఇల్లు వదిలి, మాట్లాడకుండా ఉండగలిగే వీలు మనలో ఎంతమంది ఆడవాళ్ళకి ఉంది? పైగా కళ్ళు మూసుకుని కూర్చుంటే కొందరికి దిగులు ఇంకా పెరుగుతుంది, నాకు పెరిగేది. చేతికి ఒక పని ఉంటేనే మనసు నిలబడే రకం మనుషులుంటారు. అలాంటివాళ్ళని "ఏకాగ్రత లేదు నీకు" అనకండి.

మన అమ్మలకీ అమ్మమ్మలకీ ఇవేవీ లేవా అంటే, ఉన్నాయి. మా అత్తయ్య గారి దగ్గర మంగళహారతుల నోటు పుస్తకం ఒకటుంది. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టారట. ఎక్కడ పేరంటానికి వెళ్ళినా కొత్త హారతి వింటే గుర్తుపెట్టుకుని వచ్చి రాసుకునేవారు. అట్ట ఊడిపోతే పాత క్యాలెండర్ కాయితం వేసి కుట్టారు, పేజీల అంచులకి పసుపు మరకలు, చివర్లో ఏ హారతి ఏ పేజీలో ఉందో ఆవిడ చేత్తో వేసుకున్న పట్టిక, కొన్నింటి పక్కన అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళ పేర్లు. ఎనిమిదో తరగతితో బడి మానిపించేశారు ఆవిడని. ఆ పుస్తకాన్ని ఇంట్లో ఎవరూ చదువు కింద లెక్కెయ్యలేదు, కళ కింద అసలే లెక్కెయ్యలేదు. నేను వీణ నేర్చుకుంటానన్నప్పుడు ఇంట్లో "వెళ్ళమ్మా" అని మొదట అన్నది ఆవిడే.

ఇప్పుడు ఊళ్ళల్లో కోలాటం బృందాలు చూడండి. పొలం పనికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు, యాభై ఏళ్ళవాళ్ళు, ఒకే రంగు చీరలు కట్టుకుని రాత్రి గుడి ముందు లైటు కింద నేర్చుకుంటున్నారు. అడుగు, కర్ర, తిరగడం, ఎదుటి మనిషి కర్రకి సరిగ్గా తగలడం. పక్కదాని మీద ధ్యాస లేకపోతే వేళ్ళకి దెబ్బ తగులుతుంది. దీన్ని ఎవరూ వెల్‌నెస్ అనరు, ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. ఆ అరుగుల మీద కూర్చుని "ఈ వయసులో గెంతులేమిటి" అనేవాళ్ళు మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. నాకు వాళ్ళతోనే గొడవ.

మగవాళ్ళ విషయం వేరే చెప్పాలి. వాళ్ళకి గంట దొరుకుతుంది, దాన్నేం చెయ్యాలో నేర్పినవాళ్ళు లేరు. యాభై ఏళ్ళ మగవాడు ఎవరి ముందైనా కూర్చుని "నాకు రాదు, నేర్పండి" అనడం మన దగ్గర చాలా కష్టం, పరువు అడ్డం వస్తుంది. అందుకే ఆ గంట టీవీ చర్చలకీ వాట్సాప్ గ్రూపుల్లో తగువులకీ పోతుంది. మా బడిలో సైన్సు మాస్టారు ఒకాయన మేడ మీద మిద్దె తోట మొదలుపెట్టారు. పెరుగు డబ్బాల్లో నారు పోసి, రోజూ పొద్దున్నే బీర పాదు తీగని పందిరి మీదికి ఎక్కిస్తూ ఉంటారు. కాసిన బీరకాయలు సంచిలో వేసుకుని స్టాఫ్ రూమ్‌కి తెచ్చి పంచుతారు. ఆయన మొహంలో వచ్చిన తేట అందరికీ కనిపిస్తోంది. అమ్మడం మొదలుపెట్టమని ఆయనకీ సలహాలు వస్తున్నాయి.

ఆ సలహా దగ్గరే నాకు మండుతుంది. నచ్చి చేసే ప్రతిదాన్నీ డబ్బు చెయ్యమంటారేం? కుట్లు వస్తే బొటిక్, పచ్చడి బాగా పెడితే ఆర్డర్లు, పాట వస్తే రీల్స్. అవసరం ఉండి చేసేవాళ్ళకి దండం పెడతాను, అది వాళ్ళ జీవనం. కానీ జీతం వస్తున్న మనిషి, ఇల్లు గడుస్తున్న మనిషి, ఊపిరి తీసుకోవడానికి పెట్టుకున్న పనిని కూడా లైకులతో, ఆర్డర్లతో కొలవడం మొదలుపెడితే అది ఇంకో ఉద్యోగం అవుతుంది. మళ్ళీ పై అధికారి వస్తాడు, ఈసారి ఆ అధికారి ఫోన్లో ఉంటాడు. నేను వాయించింది రికార్డు చెయ్యను. మా టీచర్ గారు, మా అత్తయ్య గారు, పక్కింటి పాప వింటారు. చాలు.

రాత్రి పడుకునే ముందు నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకుంటాను, అదీ ఎవరికీ చూపించను. ఈ రోజు ఏ పిల్లాడి మీద కేకలేశాను, ఎందుకేశాను, ఏ స్వరం కుదిరింది. ఇన్నాళ్ళు నాలో చికాకుకి ఎప్పుడూ ఎదుటివాళ్ళే కారణం అనిపించేది, రాస్తూ పోతే చాలాసార్లు అది నిద్ర చాలకో, ఒంట్లో ఆవిరికో వచ్చిందని తెలుస్తోంది. తెలిస్తే కేక సగంలో ఆగుతుంది.

ఒకటి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పోస్టులు చదివి "వీణ వాయిస్తే సరిపోతుందట" అని డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేస్తారు. మానకండి. రక్తస్రావం ఎక్కువగా ఉన్నా, వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలని లేదనిపించినా అది హాబీతో తీరేది కాదు. 14416 అని టెలి మానస్ నంబరు ఉంది, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన సహాయ నంబరు, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్లో సేవ్ చేసుకోండి, మీకు కాకపోతే మీ చెల్లికో స్నేహితురాలికో కావాల్సి రావచ్చు.

వీణే మొదలుపెడదామనుకుంటున్నవాళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను. వెంటనే కొత్తది కొనకండి, బరువైన ఖర్చు. ముందు టీచర్ గారింట్లో వాళ్ళ వీణ మీద కొన్నాళ్ళు నేర్చుకోండి, నడుం, మోకాళ్ళు కింద కూర్చోవడానికి ఒప్పుకుంటున్నాయో లేదో చూసుకోండి. ఒప్పుకోకపోతే బల్ల మీద పెట్టి వాయించే ఏర్పాటు చేసుకోవచ్చు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎవరింట్లోనైనా అటక మీద పాత వీణ ఉంటే అడిగి తెచ్చుకోండి. దండి వంగకుండా ఉందా, కుండ పగల్లేదా అని తెలిసినవాళ్ళకి చూపించి తీగలు మార్పించుకుంటే చాలాసార్లు చక్కగా పలుకుతుంది. ఎండాకాలంలో మాత్రం కిటికీ పక్కన పెట్టొద్దు, మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి, వాటిని మళ్ళీ సరిగ్గా నిలబెట్టే మనిషి దొరకడం ఈ రోజుల్లో చాలా కష్టంగా ఉంది.