ఒక్కరే చదివే రాతతో చదువుల భాష రాదు

తల్లిభాష కాని భాషలో పైచదువులు చదివే విద్యార్థిని ఒక సెమిస్టర్‌లో నాలుగైదు వ్యాసాలైనా రాస్తుంది. ఒక్కో వ్యాసాన్ని చదివేది ఒక్క మనిషి. ఆ మనిషికి విషయం ముందే తెలుసు. చేతిలో ఎర్ర పెన్ను ఉంటుంది, పక్కన దిద్దాల్సిన కాగితాలు ఇంకా నలభై ఉంటాయి. కాగితం తిరిగొచ్చాక ఆ అమ్మాయి మార్కు చూసుకుంటుంది, ఎర్ర గీతలు లెక్కపెట్టుకుంటుంది, మడిచి సంచిలో పెట్టేస్తుంది. తర్వాతి వ్యాసంలో మళ్లీ అవే తప్పులు.

దీనికి విద్యార్థుల బద్ధకాన్నో, టీచర్లకు తీరిక లేకపోవడాన్నో కారణంగా చూపిస్తుంటారు. అసలు కొరత వేరే చోట ఉంది. ఆ రాతకు పాఠకులు లేరు. భాష నేర్చుకునే తరగతిలో ప్రతి ఒక్కరి వ్యాసాన్నీ చిత్తుప్రతి దశ నుంచే తరగతి అంతా చదవాలి. చదివినవారు ప్రశ్నలు వేయాలి. రాసినవారు వాటికి జవాబు వెతుక్కుంటూ తిరగరాయాలి. వీలు చిక్కినప్పుడు చేసే సరదా పనిగా పెడితే లాభం లేదు. రాత నేర్పే పద్ధతే అది కావాలి.

కబుర్ల భాష వేరు, చదువుల భాష వేరు అని భాషావిద్య పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే చెప్పారు. మాటామంతీ రెండేళ్లలో పట్టుబడుతుంది, పాఠాల్లో తోటివారితో సమానంగా నిలబడే భాషకు అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది అని ఆయన లెక్క. అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో చదువుల ఇంగ్లిషులో పదేపదే కనిపించే 570 పదకుటుంబాలను, అంటే ఒక మాటనూ దాని నుంచి పుట్టిన రూపాలనూ కలిపి ఒక్కో కుటుంబంగా, జాబితా కట్టారు. అకడమిక్ రచనల్లో వచ్చే మాటల్లో దాదాపు 10 శాతం అవే. మంచి జాబితా, పనికొచ్చే జాబితా. కానీ దాన్ని బట్టీ పట్టిన విద్యార్థులు ఆ మాటలను వ్యాసంలో ఎక్కడపడితే అక్కడ పేర్చడం నేను చాలాసార్లు చూశాను. మాటకు అర్థం తెలిసినా దాని అవసరం ఎక్కడో తెలియదు. ఆ అవసరాన్ని జాబితా చెప్పలేదు, పాఠకుడు చెప్పగలడు.

ఒక వాక్యం తీసుకుందాం. 'నేటి సమాజంలో టెక్నాలజీ ఎంతో ముఖ్యమైన పాత్ర పోషిస్తోంది.' వ్యాకరణంలో వేలు పెట్టడానికి లేదు. ఎర్ర పెన్ను దీన్ని ముట్టుకోకుండా ముందుకు వెళ్లిపోతుంది. ఇదే వాక్యాన్ని పక్కసీటు విద్యార్థి చదివితే అడుగుతాడు: 'ఏ టెక్నాలజీ? ఎవరికి ముఖ్యం?' రాసిన అమ్మాయి ఆలోచనలో పడుతుంది. తను చెప్పాలనుకున్నది ఫోన్లోని డిక్షనరీ గురించి. తిరగరాస్తుంది: 'ఫోన్లో డిక్షనరీ చూసే విద్యార్థులకు మాట అర్థం వెంటనే దొరుకుతుంది, అంతే త్వరగా మరుపుకూ వస్తుంది.' ఈసారి ఇంకొకరు లేస్తారు. 'నాకు అలా మరుపు రాలేదే?' అప్పుడు వాక్యం చివర 'వస్తుంది' పోయి 'రావచ్చు' వస్తుంది, ముందు 'కొందరి విషయంలో' అనే మాట చేరుతుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి నేర్చుకున్నదాన్నే పాఠ్యపుస్తకాలు 'హెడ్జింగ్' అనే పెద్ద పేరుతో, పట్టికలు గీసి నేర్పుతాయి. ఆమెకు పట్టిక అక్కర్లేకపోయింది. ఎదుటివాడు ఒప్పుకోలేదు, తన మాటను ఎంతవరకు నిలబెట్టుకోగలదో అంతవరకే తగ్గించుకుంది. ఆ 'వచ్చు' ఎందుకో ఇక ఎప్పటికీ మరిచిపోదు.

నన్ను ఎక్కువగా పట్టి లాగే విషయం ఇదే. చదువుల రాతలో నియమాలుగా మనం నేర్పేవన్నీ ఒకప్పుడు ఎవరో పాఠకుడు అడిగిన ప్రశ్నలకు జవాబులు. 'నీకెలా తెలుసు?' అన్నదానికి జవాబు, మూలాన్ని పేర్కొనడం. 'ఎప్పుడూ అంతేనా?' అన్నదానికి జవాబు ఆ 'కావచ్చు', 'చాలా సందర్భాల్లో'. 'ఇదంతా నేనెందుకు చదవాలి?' అన్నదానికి జవాబు ఉపోద్ఘాతం. పరిశోధన వ్యాసాల ఉపోద్ఘాతాలను పరిశీలించిన జాన్ స్వేల్స్ 1990లో వాటిలో మూడు అడుగులు ఉంటాయని చూపించారు: ముందు రంగాన్ని పరిచయం చేయడం, అందులో ఇంకా ఎవరూ పూడ్చని ఖాళీని చూపడం, ఆ ఖాళీలో తన పనిని నిలబెట్టడం. ఈ మూడూ సందేహించే పాఠకుడిని ఒప్పించే వరుసే. పాఠకుడిని తీసేసి జవాబులను మాత్రం బట్టీ పట్టిస్తే విద్యార్థికి అవి అర్థంలేని తంతులా కనిపిస్తాయి. కనిపించడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇంతవరకు రాసినవారి లాభం గురించే చెప్పాను. చదివినవారి లాభం అంతకంటే పెద్దది. క్రిస్టీ లండ్‌స్ట్రోమ్, వెండీ బేకర్ 2009లో ప్రచురించిన పరిశోధనలో ఇంగ్లిషు నేర్చుకునే విద్యార్థులను రెండు రకాలుగా విడదీశారు. ఒక వర్గం ఇతరుల వ్యాసాలను చదివి సూచనలు రాయడం నేర్చుకుంది, తమ రాత మీద ఎవరి సూచనలూ అందుకోలేదు. రెండో వర్గం సూచనలు అందుకుని వాటిని వాడుకోవడం నేర్చుకుంది, ఎవరికీ ఇవ్వలేదు. సెమిస్టర్ చివరికి సొంత రాతలో ఎక్కువ మెరుగుపడింది ఇచ్చినవారే. అందులోనూ భాషలో ఇంకా తొలి మెట్ల మీద ఉన్నవారికి లాభం ఎక్కువగా కనిపించింది. 'భాషే సరిగా రాని పిల్లలు ఒకరి రాతను ఒకరు ఏం చూస్తారు?' అని పెదవి విరిచేవారు ఈ ఒక్క ఫలితం దగ్గర కాసేపు ఆగాలి.

దీనికి కారణం నాకు తోచినంతలో ఇది. మన రాతను మనం చదువుకునేటప్పుడు కాగితం మీద ఉన్నది చదవం, మనసులో ఉన్నది చదువుతాం. మధ్యలో జారిపోయిన మెట్టు మన కంటికి కనిపించదు. పక్కవారి రాతలో అదే మెట్టు లేకపోతే కాలు తడబడుతుంది. అలా నాలుగుసార్లు తడబడ్డ మనిషి తన చిత్తుప్రతి దగ్గరకు కొత్త కళ్లతో వస్తాడు. ఇంకో సంగతీ ఉంది. పుస్తకంలో ఇచ్చే నమూనా వ్యాసం ఆ భాషలో పుట్టి పెరిగినవారు రాసింది. దాన్ని చూస్తే గౌరవం కలుగుతుంది, గుండె కూడా జారుతుంది. తనతోపాటే తంటాలు పడుతున్న స్నేహితురాలు రాసిన ఒక మంచి పేరా చూస్తే, ఇది నేనూ రాయగలను అనిపిస్తుంది.

తోటివారు తప్పును ఒప్పుగా దిద్ది నష్టం చేస్తారన్నది ఎదుటి వాదన. నలుగురిలో తన తప్పులు బయటపడతాయన్న టెన్షన్ విద్యార్థి నోరు కట్టేస్తుందన్నది మరొకటి. రెండూ నిజమైన భయాలే. మొదటిదానికి దారి సులువు: తోటివారి చేత దిద్దించవద్దు, అడిగించాలి. 'ఇక్కడ నాకు అర్థం కాలేదు' అనడానికి వ్యాకరణ పాండిత్యం అక్కర్లేదు. రెండోదానికి, మొదట ముగ్గురు నలుగురి గుంపులతో మొదలుపెట్టి వలయాన్ని పెంచుకుంటూ పోవాలి. అందరి చిత్తుప్రతులూ బల్ల మీద ఉన్నప్పుడు, ఎవరిదీ మొదటిసారికే కుదరలేదని అందరికీ తెలుస్తుంది. చాలామంది భయం సగం తగ్గేది అక్కడే.

ఇక టీచర్ దిద్దడం గురించి. రెండో భాష రాతలో వ్యాకరణ తప్పులు దిద్దడం వృథా, పైగా హాని అని జాన్ ట్రస్కాట్ 1996లో రాశారు. డానా ఫెరిస్ 1999లో దాన్ని గట్టిగా ఖండించారు. ఆ వాదన చల్లారలేదు, నేనూ ట్రస్కాట్ అంత దూరం వెళ్లను. కానీ వ్యాకరణం సరిచేయడం ఇవాళ యంత్రం క్షణంలో చేసి పెట్టే పని. తప్పుల్లేని వాక్యానికి మార్కు వేస్తూ కూర్చుంటే ఆ మార్కు ఎవరికి పడుతోందో మనకే తెలియదు. వ్యాసానికిచ్చే మార్కుల్లో కొంత భాగం ఇతరుల రాత మీద వేసిన ప్రశ్నలకు, మరికొంత మొదటి ప్రతి నుంచి చివరి ప్రతికి వచ్చిన మార్పుకు ఇవ్వాలి. టీచర్ చదవడం మానేయమని అనడం లేదు. చివరి పాఠకుడిగా ఉండమంటున్నాను.

నిజానికి ఈ జబ్బు భాషా తరగతిది మాత్రమే కాదు. జ్ఞానం అంటేనే ఒకరు రాసి ఒకరికి అప్పగించేదిగా, అవతలివారు తూకం వేసి పక్కన పెట్టేదిగా విద్యాసంస్థలు మార్చేశాయి. అది అలా పుట్టలేదు. 1665లో లండన్‌లో శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' పత్రికను మొదలుపెట్టాడు. శాస్త్రవేత్తలు ఒకరికొకరు రాసుకునే ఉత్తరాలే అందులో చాలావరకు సరుకు. ఆయన జర్మనీలోని బ్రేమెన్‌లో పుట్టినవాడు, ఇంగ్లిషు ఆయన తల్లిభాష కాదు. డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారం చేసే ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్‌కు అసలు ఇంగ్లిషే రాదు, పండితుల లాటినూ రాదు. తను చేసుకున్న సూక్ష్మదర్శినిలో కనిపించినదాన్ని తనకు తెలిసిన డచ్చిలో రాసి పంపేవాడు. 1676లో నీటిచుక్కలో చిన్న చిన్న ప్రాణులున్నాయని రాస్తే, ఓల్డెన్‌బర్గ్ దాన్ని అనువదించి అచ్చు వేశాడు. లండన్ పెద్దలు నమ్మలేదు. ఎలా చూశావు, ఎలా లెక్కపెట్టావు అన్నారు. ఆయన లెక్క కట్టిన తీరు వివరించాడు, తన ఇంటికొచ్చి కళ్లారా చూసినవారి సాక్ష్యపత్రాలు జతచేసి పంపాడు. 1677లో ఆ సొసైటీకే చెందిన శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ సొంతంగా ప్రయత్నించి ఆ ప్రాణులను చూశాడు.

కాలేజీ గడప తొక్కని మనిషి, సభ భాష రాని మనిషి. ఆయన రాతకు పదును పెట్టింది నమ్మకుండా అడిగిన పాఠకులు. 1680లో వాళ్లే ఆయన్ను తమ సభ్యుడిగా ఎన్నుకున్నారు. 1723లో తొంభై ఏళ్ల వయసులో మంచాన పడ్డాక కూడా, తన జబ్బు లక్షణాలను తనే గమనించుకుని ఆ పాఠకులకు ఉత్తరాలు రాయించి పంపాడు.