వాంతి తర్వాత ఛాతీ నొప్పి: "ఎక్స్‌రే బాగుంది, గ్యాసే" అనుకుంటే ప్రాణం మీదికి రావచ్చు

ఫోన్లలో బాగా తిరుగుతున్న సలహా ఇది: "గట్టిగా వాంతయ్యాక ఛాతీలో నొప్పి వస్తే గ్యాసే. ఈసీజీ, ఎక్స్‌రే బాగుంటే నీళ్లు తాగి పడుకోండి. అన్నవాహికకు చిల్లు పడితే రక్తం కక్కుతారు, తెలిసిపోతుంది. ఒక రోజు దాటితే ఆపరేషన్ చేసినా బతకరు." అలాంటి నొప్పుల్లో చాలావరకు చిల్లు వల్ల రావన్నది నిజమే. మిగతా మాటలన్నీ తప్పు.

"రక్తం కక్కుతారు." రక్తం ఎక్కువగా పడేది లోపలి పొర మాత్రమే చీరినప్పుడు. గోడ మొత్తం తెగితే రక్తం కొద్దిగానే పడొచ్చు, అసలు పడకపోవచ్చు. చూడాల్సింది వరస: ముందు వాంతి, వెంటనే భరించలేని నొప్పి. అది వీపులోకో ఎడమ భుజానికో పాకుతుంది, మింగితే పెరుగుతుంది. మెడ దగ్గర చర్మం నొక్కితే కరకరమంటే లోపలి గాలి అక్కడిదాకా వచ్చిందని అర్థం. అయితే ఈ గుర్తు చాలామందిలో కనిపించదు. ఇంకో మాట: చిల్లులకు ప్రధాన కారణం వాంతి కాదు, ఎండోస్కోపీ, ఇరుకైన అన్నవాహికను సాగదీయడం వంటి చికిత్సలు. వాటి తర్వాత మెడలోనో ఛాతీలోనో నొప్పి, జ్వరం వస్తే వెంటనే చెప్పాలి.

"ఎక్స్‌రే బాగుంది." ఎంతసేపటికి తీశారు? గాలి కణజాలంలోకి పాకి ఫిల్ములో కనబడటానికి గంటో అంతకన్నా ఎక్కువో పడుతుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడానికి ఇంకా ఎక్కువ. కాబట్టి తొలి ఎక్స్‌రే మామూలుగా ఉండటం దేన్నీ కొట్టిపారేయదు. ఈసీజీ గుండె గురించే చెబుతుంది. అనుమానం ఉంటే ఛాతీ సీటీ స్కాన్, వీలైతే కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనబడే ద్రవం) తాగించి. విడిగా మింగించే పరీక్ష చేస్తే ముందు నీటిలో కరిగే కాంట్రాస్ట్ ఇస్తారు, ఎందుకంటే బేరియం అనే నీటిలో కరగని కాంట్రాస్ట్ బయటికి కారితే ఛాతీ మధ్యభాగంలో వాపు తెస్తుంది. మొదటిది చిన్న చిల్లులను తప్పిపోనిస్తుంది గనక, అందులో ఏమీ తేలకపోయినా అనుమానం పోకపోతే పలచని బేరియంతో మళ్లీ చూస్తారు. పొరపోయే రోగికి మాత్రం గాస్ట్రోగ్రాఫిన్ (నీటిలో కరిగే ఒక కాంట్రాస్ట్) ఇవ్వకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అక్కడ నీరు చేరుతుంది. ఛాతీ నుంచి తీసిన నీటిలో అమైలేజ్ (లాలాజలంలో ఉండే ఎంజైమ్) ఎక్కువగా ఉన్నా, పీహెచ్ 6 కన్నా తక్కువున్నా (అంటే ఆమ్లగుణం ఎక్కువైనా) చిల్లును గట్టిగా అనుమానించాలి, తిన్న మెతుకులు కనబడితే చిల్లు ఉన్నట్టే లెక్క.

"నీళ్లు తాగి పడుకోండి." నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ మాటే. ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఛాతీలో ఒత్తిడి తగ్గి, అన్నవాహికలో ఉన్నదాన్ని చిల్లు గుండా బయటికి లాగుతుంది. లాలాజలంతోనే సూక్ష్మజీవులు చేరతాయి, దానికి గుక్కెడు నీళ్లు తోడైతే అంతా ఇంకా దూరం పాకుతుంది. చుక్క కూడా నోట్లో పోయకూడదు. ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టాన్ని గుడ్డిగా తోయడమూ ప్రమాదమే.

"ఒక రోజు దాటితే బతకరు." వాంతితో అన్నవాహిక చీలడాన్ని 1724లో డచ్ వైద్యుడు హెర్మన్ బూర్హావే మొదట వర్ణించింది శవపరీక్ష చేసే. 1947లో బ్రిటన్ సర్జన్ నార్మన్ బారెట్ చిల్లు కుట్టి రోగిని బతికించారు. 24 గంటలు దాటితే ముప్పు పెరుగుతుంది, నిజం. దారి మాత్రం మూసుకుపోదు. ముందు సెలైన్, అనేక రకాల సూక్ష్మజీవులను చంపే యాంటీబయోటిక్, ఆమ్లం తగ్గించే మందు, చీము, నీరు బయటికి వచ్చే గొట్టం. కుట్టేటప్పుడు అన్నవాహిక కండరాన్ని పైకీ కిందికీ ఇంకాస్త కోసి లోపలి పొర చీలిక రెండు కొసలూ చూడాలి. అది పైకి కనిపించే చిల్లు కన్నా తరచూ పొడవుంటుంది, కనబడినంత మేరకే కుడితే మళ్లీ కారుతుంది. రెండు పొరలుగా కుట్టి, పక్కటెముకల మధ్య కండరాన్ని పైన కప్పుతారు. చిల్లుకు దిగువన అన్నవాహికలో అడ్డంకి ఏదైనా మిగిలితే ఆ కుట్టు నిలవదు.

చిల్లు చిన్నదై, కారినది ఒకచోటే ఆగి, ఒంట్లో ఇన్ఫెక్షన్ లక్షణాలు లేకపోతే కోత లేకుండానే చూడొచ్చు. కొందరికి పూత ఉన్న స్టెంట్ (చిల్లును లోపలి నుంచి మూసే గొట్టం) పెడతారు. అది జారిపోవచ్చు, పైగా బయట చేరిన చీమును అది తీయదు. ఇంకొందరికి ఎండోస్కోపీతో స్పాంజి పెట్టి గాలి లాగే పద్ధతి వాడతారు, 3 నుంచి 5 రోజులకోసారి దాన్ని మార్చాలి. ఏ దారిలో వెళ్లినా, కారడం ఆగిందని సాధారణంగా కాంట్రాస్ట్ పరీక్షతో తేల్చుకున్నాకే నోటితో ఇవ్వడం మొదలుపెడతారు.