పావు ఎకరంతో ఇల్లంతా గడిచిపోతుందా? ఆ మెసేజ్‌కి నా జవాబు

గత నెల రోజుల్లో ఒకే మెసేజ్ నాకు ఐదారుగురు పంపారు. అందరూ మంచి మనసుతోనే పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: పావు ఎకరం ఉంటే నలుగురున్న కుటుంబం బయట ఏమీ కొనకుండా బతికేయొచ్చు. పర్మాకల్చర్ పద్ధతిలో, అంటే అడవిలో లాగా చెట్లు, మొక్కలు, నీళ్లు, మట్టి ఒకదానికొకటి సాయపడేలా తోటని మలచుకునే పద్ధతిలో, ఒకసారి నాటేస్తే రోజుకు గంట పని కూడా ఉండదు, మిగతాది ప్రకృతే చూసుకుంటుంది. బయటి నుంచి చిటికెడు ఎరువు తేనక్కర్లేదు. కప్పు మీద పడే వాన నీళ్లు సరిపోతాయి. బంతి మొక్కలు వేస్తే పురుగు రాదు. కాబట్టి ఉద్యోగం మానేసి వెంటనే దిగండి.

నేను పెరటి సాగు చేస్తాను, చెయ్యమని కనపడ్డవాళ్లందరి వెంటా పడతాను కూడా. కోపం అందుకే. ఇలాంటివి నమ్మి దిగినవాళ్లు రెండో ఏడాదికి చేతులెత్తేసి, ఇదంతా వట్టి మాట అని తేల్చేసి, ఆ తర్వాత ఒక్క కుండీ కూడా పెట్టరు. అలాంటివాళ్లను చూశాను.

ముందు పావు ఎకరం సంగతి. అంటే సుమారు వెయ్యి చదరపు మీటర్లు. ఇల్లు, దారి, కంపోస్ట్ గుంట అన్నీ అందులోనే రావాలి, అయినా సరే అవేవీ లేవనుకుని మొత్తం సాగుకే ఇచ్చేద్దాం. నలుగురికి కలిపి రోజుకు 9,000 కేలరీలు వేసుకుంటే ఏడాదికి దాదాపు 33 లక్షలు. ధాన్యం కిలోకి సుమారు 3,500 కేలరీలు ఇస్తుంది, అంటే 900 కిలోల పైచిలుకు ధాన్యమంత తిండి కావాలి. ధాన్యాల ప్రపంచ సగటు దిగుబడి హెక్టారుకు 4 టన్నుల చిల్లర, పావు ఎకరం అంటే హెక్టారులో పదోవంతు, కాబట్టి అందులో ఒక పంటకు వచ్చేది 400 కిలోలు. సగం కూడా కాదు. దుంపలు కాస్త నయం. బంగాళదుంప సగటున హెక్టారుకు 20 టన్నులు దాటుతుంది, ఆ లెక్కన పావు ఎకరానికి 2 టన్నులు, కిలోకి 770 కేలరీల చొప్పున 15 లక్షల పైన. అదీ సగమే. నీళ్లూ వెచ్చదనమూ ఉన్న చోట ఏడాదికి రెండు పంటలు తీయొచ్చు, చెయ్యి తిరిగినవాళ్లు సగటుని దాటేస్తారు, కాదనను. కానీ ఆ మెసేజ్ చెబుతున్నది మొన్నటిదాకా గునపం పట్టనివాళ్లకి. పైగా ఈ లెక్కలో నూనె లేదు, వచ్చే ఏడాదికి దాచాల్సిన విత్తనం లేదు, పంట పోయిన ఏడాది అసలే లేదు.

ఆ మెసేజ్‌తో పాటు వచ్చే ఫోటో చూడండి, బుట్ట నిండా టమాటాలు, ఆకుకూరలు. కళ్లకి పండగే. కానీ టమాటా కిలోకి 180 కేలరీలు, ఒక మనిషికి రోజంతా కావలసిన శక్తి దాన్నుంచే రావాలంటే 12 కిలోలు తినాలి! కూరగాయలు ఇచ్చేది విటమిన్లు, పీచు, రుచి. కడుపు నింపే పని ధాన్యానిది, దుంపది, పప్పుది, నూనెగింజది.

ఇది కాగితం మీద తెలియడం వేరు, చేతికి తెలియడం వేరు. ఒకసారి పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మడిలో గోధుమ వేశాను. బాగానే పెరిగింది, పిచ్చుకలకి పోను మిగిలిన వెన్నులు కోసి, గోనెపట్టా మీద కర్రతో కొట్టి, గాలి ఉన్నప్పుడు చేటతో తూర్పారపట్టి, మిగిలిన పొట్టు వేళ్లతో ఏరి తూకం వేస్తే కిలోకి కొంచెం పైన వచ్చింది. దాదాపు నాలుగు నెలలు ఎదురుచూసిన పంట ఒక మనిషికి రెండు రోజుల తిండి కూడా కాలేదు. ఆ రోజు నుంచి ధాన్యం పండించే రైతు మీద నాకున్న గౌరవం చాలా పెరిగింది.

పెరటి తోటలు పెద్ద ఎత్తున నడిచిన సందర్భం చూడాలంటే రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా ఉంది. విక్టరీ గార్డెన్స్ పేరుతో దాదాపు 2 కోట్ల తోటలు వేశారు, 1944 నాటికి తాజా కూరగాయల్లో 40 శాతం దాకా వాటినుంచే వచ్చాయని అంచనా. ఎంత గొప్ప సంగతి! కానీ అది కూరగాయల్లో 40 శాతం. ధాన్యం పొలాల నుంచే వచ్చింది. మనం ఆశపడాల్సింది ఆ కూరగాయల మీద, పండ్ల మీద, గుడ్ల మీద. అది చిన్న లాభం కాదు.

ఇక "నాటి వదిలెయ్యండి, ప్రకృతే చూసుకుంటుంది" అన్న మాట. దీనికి జపాన్ రైతు మసనోబు ఫుకువోకా పేరు వాడుకుంటారు, ఆయన "ఏమీ చెయ్యని సాగు" అన్నాడు కదా అని. ఆయన తండ్రి తోటలోని నారింజ జాతి చెట్లను మొదట్లో కత్తిరింపులు మానేసి అలాగే వదిలేస్తే కొమ్మలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, పురుగు పట్టి, చాలా చెట్లు చచ్చిపోయాయి. ఈ సంగతి చెప్పింది ఆయనే. అప్పటిదాకా కత్తిరింపులతో పెరిగిన చెట్టును ఒక్కసారిగా వదిలేస్తే అది సహజ సాగు అవదు, పాడుపెట్టడం అవుతుందని ఆయనకి అలా తెలిసింది. అనవసరమైన పని ఏదో కనిపెట్టి దాన్ని మానడానికి దశాబ్దాలు పట్టింది ఆయనకి. మనం మొదటి రోజే మానేస్తామంటే ఎలా? మొదటి రెండు మూడేళ్లు కలుపు తీయడం, ఆకుచెత్త పరచడం, నర్సరీ మొక్కలు బతికించుకోవడం, ఇవన్నీ ఒళ్లొంచి చేసే పనులే. చాలా పండ్ల చెట్లు కాపుకు రావడానికే మూడు నుంచి ఐదేళ్లు. పండిన కాలంలో కోయడం, ఎండబెట్టడం, విత్తనం తీయడం అన్నీ ఒక్కసారే మీద పడతాయి, అప్పుడు గంట కాదు, పూటంతా చాలదు.

ఎరువు దగ్గర మెసేజ్ సగం నిజం చెప్పింది, అందుకే అది ఎక్కువ ప్రమాదం. పప్పుజాతి మొక్కల వేళ్ల మీద బొడిపెలు ఉంటాయి, ఒకటి గోటితో చీల్చి చూడండి, లోపల గులాబీ ఎరుపు కనిపిస్తే అందులోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకి అందిస్తున్నట్టే. మొదటిసారి చూసినప్పుడు నాకు ఎంత ఆనందమేసిందో! కానీ ఆ నత్రజనిలో పెద్ద వాటా గింజల్లోకి వెళ్తుంది, గింజలు మనం తినేస్తాం. భాస్వరం, పొటాష్ గాలిలోంచి రావు, మట్టిలో ఉన్నదే తీసుకోవాలి. మనం తిన్నదంతా చివరికి మరుగుదొడ్డిలోకి పోతుంటే వంటింటి తొక్కలు మాత్రమే తిరిగి మడికి ఇచ్చి, చక్రం పూర్తయిందనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. మూత్రాన్ని ఎనిమిది పదింతల నీళ్లలో కలిపి మొక్కల మొదట్లో పోస్తే చాలా వరకు తిరిగి వస్తుంది, ఎబ్బెట్టుగా అనిపించినా నేను చేస్తాను. దాంతో పాటు బయటి నుంచి రాలిన ఆకులు, పశువుల పేడ తెస్తాను. వేరే చోట చెత్తలో కలిసేదాన్ని తెచ్చి మట్టి చెయ్యడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నీళ్ల లెక్క చిన్నదే. వంద చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అనుకుంటే 80,000 లీటర్లు పడతాయి, అందులో కొంత పోగా 65,000 పట్టుకున్నామనుకోండి. మండే ఎండల్లో వెయ్యి చదరపు మీటర్ల పంట రోజుకు 4,000 నుంచి 5,000 లీటర్లు తాగుతుంది. రెండు వారాల్లో ట్యాంకు ఖాళీ. అసలు సంగతి వేరే ఉంది: అదే వాన ఆ నేల మీద 8 లక్షల లీటర్లు కురుస్తుంది, కప్పు మీద పడినదానికి పదింతలు. దాన్ని పారిపోనివ్వకుండా వాలుకి అడ్డంగా కందకాలు తీసి, నేలంతా ఆకుచెత్త కప్పి, మట్టిలోకే ఇంకించాలి. మెసేజ్ రాసినవాళ్లు కప్పు వైపు చూశారు, కాళ్ల కింద చూడలేదు.

బంతి గురించి రెండు ముక్కలు. బంతి వేళ్లు విడుదల చేసే పదార్థాలు వేళ్లకి పట్టే కొన్ని రకాల నులిపురుగులను తగ్గిస్తాయి, అదీ చేనంతా ఒత్తుగా ఒక పంటకాలం బంతే పెంచితే బాగా పనిచేస్తుంది. ఆకు తినే గొంగళిపురుగు దాని పక్కనే కూర్చుని తింటుంది. బంతి వెయ్యండి, తేనెటీగలు వస్తాయి. కానీ రోజూ ఆకు తిప్పి గుడ్లు వెతకడం మానకండి.

చివరిది ఉద్యోగం మానెయ్యమనడం. ఈ సలహా ఇచ్చేవాళ్లకి ఎదుటివాళ్ల పిల్లల ఫీజులు, ఆస్పత్రి ఖర్చులు, ఇంటి అప్పు తాలూకు టెన్షన్ కనబడదా? 1970లలో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పర్మాకల్చర్‌కి రూపమిచ్చిన బిల్ మాలిసన్, డేవిడ్ హోంగ్రెన్ పెట్టుకున్న నైతిక సూత్రాల్లో నేలని చూసుకోవడంతో పాటు మనుషుల్ని చూసుకోవడం, మిగిలింది పంచుకోవడం కూడా ఉన్నాయి. ఎవరి గోడ లోపల వాళ్లు ఒంటరిగా అన్నీ పండించుకోవడం అందులో లేదు. నా దగ్గర నిమ్మకాయలు మిగులుతాయి, పక్కవాళ్ల దగ్గర గుడ్లు మిగులుతాయి, అలా నడుస్తుంది.

హోంగ్రెన్ చెప్పిన 12 సూత్రాల్లో మొదటిదే గమనించమనడం. కాబట్టి ఉద్యోగం చేసుకుంటూనే మొదటి ఏడాది వంటింటి గుమ్మానికి నాలుగడుగుల్లో ఒక్క మడి వేసుకోండి, రోజూ కంటపడేంత దగ్గరలో. పెద్ద వాన పడినప్పుడు గొడుగు వేసుకుని స్థలమంతా తిరగండి, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎక్కడ మట్టిని కోసుకుపోతున్నాయో అక్కడ పుల్లలు పాతి గుర్తు పెట్టుకోండి. నేను ఆ పుల్లలు పాతిన చోటే ఇప్పుడు నా కందకాలు ఉన్నాయి, వాటి గట్ల మీదే నిమ్మ చెట్లు ఉన్నాయి.